పాల బండి ఎగిరెగిరి పడుతుంటే: షాక్ అబ్జార్బర్ల సంగతి

(విజయవాడలో జరిగిన ప్రాథమిక పాల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, టెస్టర్ల శిక్షణ సమావేశంలో సహకార ఇన్స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరుకు ఎదురుగా "రవాణా వాహనాల నిర్వహణ" అని వేశారు. అది చదవగానే వెనుక బెంచీలలో ఇద్దరు ముగ్గురు టీకి లేవడం నేను గమనించాను. వారి తప్పేమీ లేదు. బండి కాంట్రాక్టరుది, మరమ్మతు కాంట్రాక్టరుది, మనకెందుకు అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నేను చదివినది సహకార డిప్లొమా. లెక్కల పుస్తకం తెరిస్తే తప్పు ఎక్కడుందో పట్టగలను గాని, బండి బానెట్టు తెరిస్తే దిక్కులు చూస్తాను. అటువంటి నేను షాక్ అబ్జార్బర్ల గురించి మాట్లాడటానికి ఒక కారణం ఉంది. అది ముందు చెబుతాను.

సుమారు పదిహేనేళ్ళ క్రితం మాట. రైవస్ కాలువ ఆయకట్టులో నేను తనిఖీ చేసే సంఘం ఒకటి ఉండేది. ఊరి పేరు అవసరం లేదు. కార్తీకం దాటి గేదెలు బాగా పాలిచ్చే రోజులు. ఉదయం పూట 600 లీటర్ల దాకా వచ్చేవి. సభ్యుల పాలు ఊళ్ళో పరీక్షిస్తే సగటు వెన్న 7.1 శాతం. అవే పాలు వ్యానులో 18 కిలోమీటర్లు పోయి శీతలీకరణ కేంద్రంలో దిగేసరికి 6.8. పాయింటు మూడు ఎంతలే అనకండి. 600 లీటర్ల పాలంటే 618 కిలోలు. అందులో పాయింటు మూడు శాతం అంటే 1 కిలో 850 గ్రాముల వెన్న. ఒక్క ఉదయం పూటకు అంత. నెలకు 55 కిలోలు. సభ్యులకు 7.1 లెక్కన డబ్బు చెల్లించి, 6.8 లెక్కన పుచ్చుకుంటున్నది సంఘం. ఏడాది చివర బోనసుకు ఏం మిగులుతుంది?

ఊళ్ళో అనుమానం ఎవరిమీదకు పోతుందో మీకు తెలుసు. టెస్టరు మీదకే. పాతికేళ్ళ కుర్రవాడు. తన వాళ్ళకు వెన్న ఎక్కువ వేస్తున్నాడని ఒకరు, పాలు పోసే ఆడవాళ్ళతో మొహమాటపడుతున్నాడని ఇంకొకరు. నేను తనిఖీకి వెళ్ళినప్పుడు రిజిస్టర్లు చూసి, "టెస్టింగులో అశ్రద్ధ వలన వెన్న వ్యత్యాసం ఏర్పడుచున్నది. బాధ్యుని నుండి రాబట్టవలెను" అని రిమార్కు రాసి సంతకం పెట్టాను. దాన్ని ఆధారం చేసుకుని పాలకవర్గం అతని జీతంలో కోత పెడుతూ తీర్మానం చేసింది.

మళ్ళీ నెలలో వెళ్ళాను. టెస్టరు మారాడు. వ్యత్యాసం మారలేదు. 7.1, 6.8.

అప్పుడు నాకు కొంచెం భయం వేసింది. ఇంజనీరింగు తెలియకపోయినా రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడటం నా వృత్తి. వెన్న వ్యత్యాసం రిజిస్టరు ఒక పక్క, వ్యాను ట్రిప్ షీట్లు ఒక పక్క పెట్టుకు కూర్చున్నాను. మధ్యలో 9 రోజులు మామూలు వ్యాను మరమ్మతులో ఉండి, వేరే బండి వచ్చింది. ఆ 9 రోజులూ తేడా పాయింటు ఒకటికి మించలేదు. పాత వ్యాను తిరిగొచ్చిన రోజునే మళ్ళీ పాయింటు మూడు. టెస్టరు అదే మనిషి, గేదెలు అవే గేదెలు, కేంద్రం అదే కేంద్రం. మారింది బండి ఒక్కటే.

మర్నాడు తెల్లవారుజామున ఆ వ్యానులోనే కూర్చున్నాను. గట్టు రోడ్డు ఎక్కగానే సంగతి తెలిసింది. ఒక గుంట తగిలితే బండి ఒక్కసారి ఊగి ఊరుకోవడం లేదు. నాలుగైదుసార్లు పైకీ కిందకీ ఊగుతున్నది. ఆ ఊపు ఆగేలోగా ఇంకో గుంట. వెనుక క్యాన్లు ధనధనమని మోగుతున్నాయి. ఒకచోట తూము మీద ఎగిరి దిగినప్పుడు ముందు చక్రాలు కాలువ వైపు జరిగాయి. డ్రైవరు స్టీరింగు తిప్పుకున్నాడు గాని, నేను మాత్రం డ్యాష్‌బోర్డు పట్టుకున్న చెయ్యి కేంద్రం చేరేదాకా వదల్లేదు.

కేంద్రంలో మూతలు తీయించి చూశాను. మూతల లోపలి వైపు, క్యాను మెడ చుట్టూ, తెల్లగా ఆవగింజలంత వెన్న బుడిపెలు అతుక్కుని ఉన్నాయి. వ్యాను పాలు మోసుకురావడం లేదు, చిలుక్కుంటూ వస్తున్నదన్నమాట! వెన్న పైన మూతకు అంటుకుని ఉంటే, శాంపిలు తీసే గరిటె కింది పాలలో మునిగితే, 6.8 కాక ఏం వస్తుంది? ఆ వెన్న కేంద్రానికీ చేరలేదు, సంఘానికీ దక్కలేదు. క్యాన్లు కడిగిన నీళ్ళతో పోయింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. బండి ఎగురుతుంటే మూతల నుండి పాలు చిందుతున్నాయని, ఊళ్ళో కుర్రాళ్ళు క్యాను నింపడం తగ్గించారు. 40 లీటర్ల క్యానులో 35 పోసి ఊరుకుంటున్నారు. 15 క్యాన్లలో పట్టవలసిన పాలు 17 క్యాన్లలో వెళ్తున్నాయి. చిందకుండా చేశామనుకున్నారు. కాని నిండు కుండ తొణకదని మన పెద్దలు ఊరికే అన్నారా? వెలితి క్యానులోనే పాలు ఎక్కువ కొట్టుకుంటాయి. దానికి తోడు శీతకాలం. ఎండాకాలం కవ్వం వేసేటప్పుడు మన ఇళ్ళలో చన్నీళ్ళు పోస్తారు, చలికాలం వేడినీళ్ళు పోస్తారు. ఎందుకంటే వెన్న కట్టడానికి ఒక పాటి చల్లదనం ఉండాలి, మరీ చలి పనికిరాదు. పొదుగు నుండి వెచ్చగా వచ్చిన పాలు చలిగాలిలో ప్రయాణం చేస్తే కొంత చల్లబడతాయి. పైగా గేదెపాలలో వెన్న ఎక్కువ, వెన్న కణాలు పెద్దవి. చిలికితే త్వరగా కలుసుకుంటాయి.

ఇక బండి కిందకు పోదాం. ఆ వ్యాను డ్రైవరు పెద్దవాడు, వెనుకటి మెటాడోర్ల కాలం మనిషి. "సార్, దిగి చక్రం వెనకాల చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. నాలుగు చక్రాల దగ్గరా షాక్ అబ్జార్బర్లు తాకించాడు. ముందు కుడి పక్కది గోరువెచ్చగా ఉంది. మిగిలిన మూడూ పక్కనున్న ఇనుము ఎంత చల్లగా ఉందో అంత చల్లగా ఉన్నాయి. "వెచ్చగా ఉన్నది పని చేస్తోంది సార్. చల్లగా ఉన్నవి చచ్చిపోయాయి. ఓనరు గారికి చెప్పి చెప్పి నోరు పడిపోయింది" అన్నాడు.

అందులో కిటుకు ఏమిటంటే, బండి బరువు మోసేది షాక్ అబ్జార్బరు కాదు, స్ప్రింగు. మన వ్యాన్లకు వెనుక కమాన్ కట్టలుంటాయి చూడండి, అవి. కమాను కట్ట ఊయల వంటిది. ఒకసారి తోస్తే దానంతట అది ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఊగే ఊయలను ఆపడానికి ఒక చెయ్యి అడ్డం పెట్టాలి. ఆ చెయ్యే షాక్ అబ్జార్బరు. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకు సన్న రంధ్రాలు, కవాటాలు. చక్రం పైకీ కిందకీ పోయినప్పుడల్లా పిస్టను నూనెలో కదలాలి. నూనె ఆ సన్న దారుల్లో నుండి బలవంతంగా పోవాలి. కాలువ నీళ్ళలో చెయ్యి నెమ్మదిగా కదిపితే దారి ఇస్తుంది, విసురుగా కదిపితే ఎదురు తంతుంది. అదే సూత్రం. ఊపులోని బలం నూనెలో వేడిగా మారిపోతుంది. అందుకే పని చేస్తున్నది వెచ్చబడుతుంది. సీలు అరిగి నూనె కారిపోయినా, కవాటాలు పాడైనా ఎదురు తన్నే శక్తి ఉండదు, వేడీ పుట్టదు. ఎడ్లబండికి ఇవేవీ లేవు కదా అంటారేమో. దానికి స్ప్రింగే లేదు. ఊయల లేనిచోట ఆపే చెయ్యి ఎందుకు?

ఆటోనగర్‌లో విప్పించినప్పుడు నేనూ వెళ్ళాను. మేస్త్రి వెనుక ఎడమ పక్కది తీసి నా చేతికిచ్చి "లాగండి" అన్నాడు. సైకిలు పంపు కన్నా తేలికగా వచ్చింది, తేలికగా లోపలకు పోయింది. మంచిదాన్ని ఇచ్చి లాగమన్నాడు. రెండు చేతులతో లాగితే నెమ్మదిగా, ఒకే బిగువుతో వచ్చింది. ఆ తేడా నోటితో చెబితే తెలియదు, చేతికి తెలియాలి.

బండి ఓనరు కూడా ఏమీ చేయకుండా కూర్చోలేదు, న్యాయంగా చెప్పాలి. బండి కుంగుతోందని కమాన్ కట్టకు రెండు పట్టీలు అదనంగా వేయించాడు. మన ప్రాంతంలో చాలామంది చేసే పని ఇదే. పట్టీలు వేస్తే కుంగడం తగ్గుతుంది. కాని ఊపు ఆగదు. స్ప్రింగు మరింత గట్టిపడి, గుంట తగిలినప్పుడు మరింత విసురుగా ఎగరేస్తుంది. ఉన్న షాక్ అబ్జార్బర్లు ఆ విసురుకు సరిపోవు. ఊయల తాడు మార్చినంత మాత్రాన ఊపు ఆగుతుందా? అసలు మూలం అధిక బరువు. లెక్క చూడండి. 40 లీటర్ల గేదెపాలు 41 కిలోలు, ఖాళీ క్యాను 8, 9 కిలోలు. నిండు క్యాను 50 కిలోలు అనుకోండి. ముప్పాతిక టన్ను మోసే చిన్న ట్రక్కుకు 15 క్యాన్లతో సరి. దాని మీద మనం ఎన్ని ఎక్కిస్తున్నాం? 20, 22. పైన దాణా బస్తాలు, వాటి మీద ఇద్దరు మనుషులు. బరువు ఎక్కువైతే పిస్టను ప్రతి గుంటకూ అడుగుకు తగిలి కొట్టుకుంటుంది. ఆ దెబ్బలకే సీళ్ళు పోతాయి.

కొత్తవి నాలుగూ వేయించి, అదనపు పట్టీలు తీయించి, క్యాన్లు భుజం దాకా నింపించి, మిగిలిన పాలకు 20 లీటర్ల చిన్న క్యాను పెట్టించాం. శాంపిలు తీసే ముందు ప్లంజరుతో కింద నుండి పైకి బాగా కలపమని కేంద్రం వారిని కోరాం. వారంలో వ్యత్యాసం పాయింటు ఒకటికి దిగింది. సున్నా కాలేదు, అది కూడా చెప్పాలి. ఆ పాటి తేడా పరీక్షల్లో సహజం.

నా రిమార్కు నేనే రద్దు చేస్తూ అనుబంధ నివేదిక రాశాను. కోత పెట్టిన జీతం తిరిగి ఇస్తూ పాలకవర్గం తీర్మానించింది. కాని ఆ కుర్రవాడు అప్పటికే హైదరాబాదు వెళ్ళిపోయాడు. అధ్యక్షుడు కబురు పంపితే డబ్బు వాళ్ళ అమ్మగారికి ఇవ్వమన్నాడట, తను మాత్రం రానన్నాడట. ఆమె సంతకం పెట్టి తీసుకుంది. నాతో ఏమీ అనలేదు. రిజిస్టరులో నా మొదటి రిమార్కు, నా చేతివ్రాతతోనే, ఇప్పటికీ ఉంది.

మీ బండి సంగతి మీరు ఎలా తెలుసుకోవాలి? కార్లకు ఒక పాత పరీక్ష ఉంది. బండి ఒక మూల మీద బరువంతా వేసి నొక్కి వదలడం. పైకి లేచి ఒకసారి ఊగి నిలబడితే బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టు. ఇది కార్లకు ఫరవాలేదు. గట్టి కమాన్లున్న పాల వ్యానుకు నమ్మవద్దు. మనిషి నొక్కితే అసలు కుంగనే కుంగదు, బాగానే ఉందని మోసపోతాం. వ్యానుకు చెయ్యి పెట్టి చూసే పరీక్షే నయం. కనీసం పది పదిహేను కిలోమీటర్లు గతుకు రోడ్డు మీద నడిచివచ్చాక, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి చూడాలి. ముందు వేలి కొసతో తాకండి, ఒక్కొక్కసారి బాగా కాలుతుంది. పొగ గొట్టం పక్కన ఉన్నది ఎలాగూ వెచ్చగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఒకే ఇరుసుకు రెండు వైపులా ఉన్నవాటిని పోల్చండి.

కంటికి కనిపించేవి కొన్ని. గొట్టం మీద సన్నటి తడి, దానిమీద దుమ్ము పొర ఉంటే అంత కంగారు లేదు. కాని నూనె చారలు కట్టి కిందికి కారుతుంటే సీలు పోయినట్టే. టైరు అరుగుదల చూడండి. చుట్టూ చేత్తో తడిమితే అక్కడక్కడ గిన్నెల్లాగా పల్లాలు తగులుతాయి. చక్రం నేలను పట్టుకుని దొర్లకుండా గెంతుతూ పోతోందని అర్థం. చక్రాల అమరిక, బేరింగు సరిగా లేకపోయినా ఇటువంటి అరుగుదల వస్తుంది, కనుక అవి కూడా చూపించాలి. బ్రేకు వేస్తే బండి ముక్కు బాగా వంచడం, మలుపులో ఒక పక్కకు ఒరగడం, కింద టకటక శబ్దం. ఈ శబ్దం చాలాసార్లు రబ్బరు బుష్‌లు పోవడం వలన వస్తుంది, అది చవకలో పోయే పని. తెల్లవారుజామున బండి ఊళ్ళోకి వస్తున్నప్పుడు సంఘం అరుగు మీద నిలబడి హెడ్‌లైట్లు చూడండి. గుంట దాటిన తరువాత కూడా వెలుగు చాలాసేపు పైకీ కిందకీ ఊగుతుంటే ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

బ్రేకు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బ్రేకు ఆపేది చక్రాన్ని. బండిని ఆపేది చక్రానికీ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. చక్రం గాలిలో ఉన్న క్షణంలో ఎంత మంచి బ్రేకైనా ఏం చేస్తుంది? మన డెల్టా రోడ్లలో సగం కాలువ గట్ల మీదివే. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంట బోదె, మధ్య పది పన్నెండు అడుగుల దారి. పుష్య మాసపు మంచులో ఎదుట గేదె నిలబడినా దగ్గరకు పోయేదాకా కనపడదు. ఇక్కడ పది అడుగులు ముందు ఆగడానికీ ఆగకపోవడానికీ తేడా ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

రోడ్డుదీ తప్పు ఉంది. మనది నల్లరేగడి. కాలువలు వదిలినప్పుడు నేల ఉబ్బుతుంది, కట్టేసిన తరువాత ఎండి నెర్రెలిస్తుంది. దానిమీద వేసిన తారు అలలు అలలుగా లేస్తుంది. ఈ అలల రోడ్డు గుంటల రోడ్డు కన్నా షాక్ అబ్జార్బర్లకు చెరుపు, ఎందుకంటే వాటికి క్షణం విరామం ఇవ్వదు. ఇక దమ్ము చక్రాల ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే రోడ్డెక్కడం. ఎక్కించేది మన సభ్యులే, బండి ఎగురుతోందని ఫిర్యాదు చేసేదీ మన సభ్యులే. ఇంతకు మించి అనను, ఈ గదిలోనే నలుగురైదుగురు ట్రాక్టరు యజమానులున్నారు.

మార్చవలసి వచ్చినప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఒక ఇరుసుకు రెండు పక్కలవీ జతగా మార్చించండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒక వైపు లాగుతుంది. పాతవాటికి రంధ్రం చేసి, ఏదో ఒక నూనె పోసి, వెల్డింగు పెట్టి, నల్లరంగు వేసి ఇచ్చేవారుంటారు. అవి నాలుగు రోజులు బాగానే ఉంటాయి. లోపల అరిగిన కవాటాలు మాత్రం అరిగినట్టే ఉంటాయి. సీళ్ళు, కవాటాలు, సరైన నూనె వేసి పద్ధతిగా బాగుచేసే మేస్త్రీలు వేరు. వారిని నేను తక్కువ చేయడం లేదు. 1960లలో మొదలైన మన ఆటోనగర్‌లో చేతకాని పని లేదు, పని చేయించుకునేవారు ఏం చేయించుకుంటున్నదీ అడగాలి. కొత్తది బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా లాగి నొక్కితే లోపల చేరిన గాలి పోతుంది. రబ్బరు బుష్‌ల బోల్టులు చివరి బిగింపు బండిని చక్రాల మీద నిలబెట్టాకే వేయాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. గిన్నెలు పడిన టైర్లు కొత్త షాక్ అబ్జార్బర్లతో నునుపు కావు, వాటిని కూడా చూసుకోవాలి. ఇన్ని వేల కిలోమీటర్లకు పోతాయని గట్టిగా చెప్పలేం. 20,000 కిలోమీటర్లకు ఒకసారి చూపించమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. గట్టు రోడ్ల బండికి పదివేలకే చూపిస్తే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు చాలాచోట్ల బల్క్ కూలర్లు వచ్చాయి, క్యాను ప్రయాణం తగ్గింది. తగ్గింది గాని పోలేదు. ఊళ్ళ నుండి కూలరు దాకా పాలు క్యాన్లలోనే వెళ్తున్నాయి. మోటారు సైకిలు మీద రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని వచ్చే సభ్యులు ముందు ఫోర్కు కడ్డీలు చూసుకోండి. కడ్డీ మీద నూనె తడి కనిపిస్తే సీలు మార్పించండి. ఆ నూనె కిందికి జారి బ్రేకు మీద పడిందంటే బ్రేకు జారుతుంది.

ఆఖరుగా కాగితం సంగతి, ఎంతైనా నా పని అదే. రవాణా ఒప్పందాలలో బండి నంబరు, లీటరుకు కిరాయి, రావలసిన వేళ రాస్తున్నారు. బండి ఏ స్థితిలో ఉండాలో ఎవరూ రాయడం లేదు. ఎన్ని క్యాన్లకు మించి ఎక్కించరాదో, షాక్ అబ్జార్బర్లు ఎన్ని నెలలకు ఒకసారి చూపించాలో, మార్చినప్పుడు బిల్లు నకలు సంఘానికి ఇవ్వాలో, రాయించండి. కిరాయిలో నాలుగు పైసలు బిగబట్టి బండి మరమ్మతు బాధ్యత ఓనరు మీద వదిలేస్తే అతను మాత్రం ఎక్కడి నుండి తెస్తాడు? అది కూడా బేరంలోనే మాట్లాడుకోవాలి. వెన్న వ్యత్యాసం రిజిస్టరులో ఒక గడి అదనంగా గీసి, ఆ పూట వచ్చిన బండి నంబరు వేయండి. ఆ గడి ఆనాడు ఉంటే, నాకు రెండు నెలలు పట్టిన సంగతి రెండు రోజుల్లో తేలేది.

ప్రశ్నలుంటే అడగండి. అయితే ఇక్కడ కాదు. ఉదయం మిమ్మల్ని తెచ్చిన బండ్లలో రెండు పాల వ్యాన్లున్నాయి. ఒకటి ఇప్పుడే కంకిపాడు పోయి వచ్చింది, ఇంకా వేడి మీదే ఉంటుంది. డ్రైవరు గారిని అడిగాను, సరేనన్నారు. టీ గ్లాసులు పట్టుకునే బయటకు రండి, టెస్టర్లు ముందు రండి, తలా ఒక చెయ్యి వేసి చూద్దాం.